వాన మొదలయ్యే చోటికి ఓడలో: అనంతపురం నుంచి ఉత్తర అండమాన్ దాకా

ఈ ఎపిసోడ్ మా ఊళ్ళోనే, మా మిద్దె మీద కూర్చొని రికార్డ్ చేస్తున్నా. నా వెనకాల కనిపించేది చెరువు. నీళ్ళు యాడ అని అడగొద్దు, చెరువైతే అదే.

నా చిన్నప్పుడు ప్రతి మే నెలలో టీవీలో ఒక వార్త వచ్చేది. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయని. ఆ మాట వినపడగానే మా నాయన తింటున్న ముద్ద ఆపేవాడు. "అండమాన్ కాడికి వచ్చినాయంటరా. ఇంగ గుంటక చూసుకోవల్ల" అనేవాడు. మాది శెనక్కాయ పండించే ఇల్లు. పదును వాన పడితేనే విత్తనం, లేకపోతే అప్పు. అందుకే నాకు అండమాన్ అంటే బీచ్ కాదు, హనీమూన్ ప్యాకేజీ కాదు. వాన మొదలయ్యే చోటు. ఎప్పటికైనా అక్కడికి పోవాలి, అదీ నీళ్ళ మీదే పోవాలి అనుకున్నా. పోయిన ఫిబ్రవరిలో పోయొచ్చా.

ఈ రోజు నేను చెప్పేది టూర్ వ్లాగ్ కాదు. చిన్న ఓడల్లో మారుమూల దీవులకు పోయే ప్రయాణాలు ఎట్లా నడుస్తాయి, అవి చిన్నవిగానే ఎందుకుండాలి, మనలాంటోళ్ళు ఎట్లా పోవచ్చు, ఎక్కడికి పోకూడదు, ఇవన్నీ మాట్లాడుకుందాం.

చిన్న ఓడ ఎందుకు?

రీల్స్‌లో మీరు చూసే క్రూజ్ షిప్ అంటే పదిహేను, ఇరవై అంతస్తుల బిల్డింగు నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉంటుంది. వేల మంది జనం, స్విమ్మింగ్ పూల్, సినిమా హాలు. అట్లాంటిది ఆగాలంటే లోతైన రేవు కావాలి. చిన్న దీవి పక్కకి పోలేదు, దాని అడుగు నేలకు తగులుతుంది.

ఇంకో రకం ప్రయాణం ఉంది. దాన్ని ఎక్స్‌పెడిషన్ క్రూజ్ అంటారు. వంద, రెండు వందల మంది పట్టే ఓడ. రేవు లేకపోయినా దూరంగా లంగరు వేస్తారు. అక్కడి నుంచి పది పన్నెండు మంది పట్టే రబ్బరు పడవల్లో ఒడ్డుకు తీసుకుపోతారు. ఈ పని కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి ఓడ 1969లో ఫిన్లాండ్‌లో తయారైంది, పేరు లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్. ఆ ఓడే 2007 నవంబర్‌లో అంటార్కిటికా దగ్గర మంచుకు తగిలి మునిగిపోయింది. అందులో ఉన్న 154 మందీ బతికి బయటపడ్డారు. ఎట్లా అంటే టైముకు లైఫ్‌బోట్లలోకి దిగారు కాబట్టి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చెప్తా.

అంటార్కిటికాలో ఒక రూల్ ఉంది. 500 మందికంటే ఎక్కువ ప్రయాణికులున్న ఓడ అసలు ఒడ్డుకు జనాన్ని దించకూడదు. చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి వంద మందికి మించి దించకూడదు. ఉత్తర ధ్రువం వైపు నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో 2025 జనవరి నుంచి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడను రానివ్వరు. అంటే చిన్న ఓడ అనేది షోకు కాదు, అదొక కొలత. ఈ చోటు ఇంత మందినే మోయగలదు అని ముందే లెక్క కట్టడం.

ఇంకో విషయం చెప్తా. ఆ స్వాల్‌బార్డ్‌లోనే మన దేశానికి హిమాద్రి అనే పరిశోధనా కేంద్రం 2008 నుంచి ఉంది. అక్కడ చూసే విషయాల్లో ఒకటి, ధ్రువంలో మంచు కరగడానికీ మన రుతుపవనాలకూ సంబంధం ఏంటని. చూశారా, అంత దూరం పోయినా మా నాయన ప్రశ్నే.

కానీ అట్లాంటి ఓడ టికెట్ లక్షల్లో ఉంటుంది. మనకు కుదరదు. మరి మనకు కుదిరేది?

మన దారి

అనంతపురం స్టేషన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా విశాఖపట్నంలో దిగొచ్చు. విశాఖ రేవు నుంచి అండమాన్ రాజధానికి ప్రభుత్వ ప్రయాణికుల ఓడ ఉంది. రాజధాని అంటే పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబర్‌లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. జనం నోట్లో మాత్రం ఇంకా పాత పేరే ఉంది. ఓడ రోజూ ఉండదు, సుమారు నెలకొకసారి. తేదీలు ముందే చూసుకోవాలి, అవి మారతాయి కూడా. దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. రెండున్నర రోజుల ప్రయాణం.

ఇది చిన్న ఓడ కాదు. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టిన స్వరాజ్ ద్వీప్ లాంటిది 1,200 మందిని ఎక్కించుకుంటుంది. ఇందులో అన్నిటికంటే చౌక బంక్ క్లాసు. పెద్ద హాల్లో వరసగా రైలు బెర్తుల్లాంటి మంచాలు. నేను అందులోనే పోయా. నా చుట్టూ ఉన్నోళ్ళలో టూరిస్టులు తక్కువ. పెళ్ళికి ఊరికొచ్చి తిరిగిపోయేవాళ్ళు, బస్తాలతో చిన్న వ్యాపారస్తులు, చేపల పనికి పోయే శ్రీకాకుళం కుర్రాళ్ళు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగే. ఓడలోనే నాకు ఆ సంగతి అర్థమైపోయింది.

మొదటి రోజు నాకు కడుపులో తిప్పింది. సిగ్గేం లేదు, చెప్తున్నా. చూపు దూరంగా ఆకాశం నీళ్ళను కలిసే గీత మీద పెట్టాలి. ఓడ మధ్య భాగంలో పడుకోవాలి, ఊపు అక్కడ తక్కువ. ఖాళీ కడుపుతో ఉండకూడదు, మరీ ఎక్కువ తినకూడదు. ఫోన్ చూడకండి. చూడ్డానికీ ఏం లేదులే, రేవు దాటిన కాసేపటికే సిగ్నల్ పోతుంది.

ఫోన్ అన్నాను కాబట్టి ఒక ముక్క. ఆ నీళ్ళ కింద చెన్నై నుంచి అండమాన్‌కు 2,312 కిలోమీటర్ల కేబుల్ ఉంది. 2020 ఆగస్టులో మొదలైంది. అంతకుముందు ఆ దీవుల్లో నెట్ మొత్తం శాటిలైట్ మీదే నడిచేది. మనం ఇక్కడ ఒక రోజు డేటా అయిపోతే గోల చేస్తాం కదా, వాళ్ళు ఏళ్ళ తరబడి ఎట్లా ఉన్నారో ఆలోచించండి.

ఓడలో నీళ్ళ లెక్క

కరువు సీమ నుంచి పోయినోణ్ణి కదా, నా కన్ను ముందు నీళ్ళ మీదే పడింది. చుట్టూ కంటికి అందినంత నీళ్ళు, ఒక్క గుక్క తాగడానికి లేదు. ఓడకు మంచినీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, రేవులో ట్యాంకులు నింపుకోవడం. రెండు, సముద్రపు నీళ్ళ నుంచి తయారు చేసుకోవడం. ఇంజిన్ వేడితో నీళ్ళను ఆవిరి చేసి పడతారు, లేదా మా ఊళ్ళో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ఆర్‌ఓ ప్లాంటు లాంటి దాంతోనే ఉప్పు తీస్తారు.

తేడా ఎంతో చెప్తా. తాగే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాల లోపు ఉంటే మంచిదంటారు. సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాములు, అంటే డెబ్బై రెట్లు. దాన్ని వడకట్టాలంటే ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ కంటే పది రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి కరెంటు నుంచి, ఆ కరెంటు డీజిల్ నుంచి. ఓడలో మీరు ఊరికే తిప్పి వదిలేసిన కొళాయి అంటే కాలిన డీజిల్ అన్నమాట. బకెట్‌కు రెండు చెంబులు తగ్గించడం నాకైతే కొత్తేం కాదు. మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే.

ఉత్తరం వైపు

రాజధాని నుంచి చాలామంది స్వరాజ్ ద్వీప్‌కో, అంటే పాత హేవ్‌లాక్‌కో పోతారు. నేను ఉత్తరానికి పోయా. డిగ్లీపూర్‌కు. అక్కడికి దీవుల మధ్య తిరిగే చిన్న ప్రభుత్వ ఓడ ఉంది. సాయంత్రం ఎక్కితే రాత్రంతా తీరం వెంబడి పోయి ఏరియల్ బే అనే చిన్న రేవులో దించుతుంది. వారానికి కొన్ని రోజులే. ఇదే మనకు దొరికే ఎక్స్‌పెడిషన్ క్రూజ్. ఇందులో గైడ్ ఉండడు, వైన్ గ్లాసు ఉండదు. పక్కన కోళ్ళ బుట్ట ఉంటుంది.

తెల్లవారుజామున డెక్ మీదకొచ్చా. తీరం మీద ఒక్క లైటు లేదు. నీళ్ళలోంచి నేరుగా అడవి లేచింది. దాని వెనక శాడిల్ పీక్, 732 మీటర్లు, అండమాన్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ. మా వైపు కొండ అంటే గుండ్రాళ్ళు, బోడి నెత్తి. ఇది మొత్తం పచ్చగా, మబ్బు తగిలించుకొని ఉంది. నా పక్కన నిలబడ్డాయన "ఏం చూస్తున్నావప్పా?" అని అడగలేదు, ఎందుకంటే ఆయనకది రోజూ కనిపించేదే. ఎవరికీ ఏం చెప్పాలో తెలియక నేనూ గమ్మునే ఉన్నా.

ఏరియల్ బే నుంచి రాస్, స్మిత్ అని రెండు దీవులకు చిన్న పడవల్లో పోవచ్చు. అటవీ శాఖ పర్మిట్ తీసుకోవాలి. రెండు దీవుల మధ్య తెల్లటి ఇసుక దారి ఉంటుంది. పోటు వచ్చినప్పుడు మునుగుతుంది, పాటు వచ్చినప్పుడు తేలుతుంది. పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ ఇచ్చారు. నాతో ఉన్న ఒకాయన ఫొటో బాగా రాదని విప్పేశాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏమైందో మనందరికీ తెలుసు. చిన్న పడవలో జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకుంటే అది జాకెట్ కాదు, దిండు. బకిల్ పెట్టుకోండి. పడవవాడు ఇవ్వకపోతే ఎక్కకండి.

అక్కడ తీరంలో ఇంకో వింత ఉంది. 2004 డిసెంబర్ 26 భూకంపం, సునామీ మనకు తెలుసు. ఆ రోజు ఈ దీవుల వరస మొత్తం ఒక పక్కకు వాలింది. దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఉత్తర అండమాన్ తీరాలు పైకి లేచాయి, కొన్ని చోట్ల ఒక మీటరు దాకా. నీళ్ళ కింద బతికే పగడపు దిబ్బలు ఒక్కసారిగా గాల్లోకొచ్చాయి. ఎండకు చచ్చిపోయాయి. అట్లా చచ్చిన దిబ్బలు కొన్ని ఇంకా బూడిద రంగులో ఒడ్డున ఉన్నాయి. నీళ్ళు వెనక్కి పోతే బతుకు ఏమవుతుందో మాకు వేరే చెప్పనక్కర్లేదు.

వాన ఉన్నా కరువే

డిగ్లీపూర్‌లో బజారు పక్కన టీ తాగుతున్నా. అంగడి నడిపే పెద్దావిడ నా మాట వినగానే తెలుగులోకి దిగింది. శ్రీకాకుళం వైపు యాస.

"ఏ ఊరు బాబూ మీది?"

"అనంతపురమమ్మా."

"అదెక్కడ? ఆ పక్క వానలు పడవంట కదేటి?"

"పడతాయమ్మా, తక్కువ. మీకు బాగా పడతాయి కదా."

ఆవిడ నవ్వింది. "వానకేటి లోటు బాబూ. ఎండాకాలం వచ్చి సూడు, బిందెలు పట్టుకుని నిలబడతాం."

నేను నమ్మలేదు. తర్వాత కనుక్కుంటే నిజమే. లెక్క చూడండి. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 3,000. అంటే మాకంటే ఐదు రెట్లకు పైగా. అయినా ఎండాకాలంలో రాజధానిలోనే నీళ్ళు రోజు విడిచి రోజు, ఇంకా తగ్గించి వదిలిన సందర్భాలున్నాయి. కారణం నేల. నిటారు కొండలు, చిన్న దీవులు, పెద్ద నదులు లేవు. పడ్డ వాన గంటల్లో సముద్రంలోకి పోతుంది. నిలిపే చోటు తక్కువ. రాజధాని చాలా ఏళ్ళుగా ధనిఖరి అనే ఒక్క డ్యాం మీద ఎక్కువగా ఆధారపడింది.

మరి మనం ఎక్కడొస్తాం ఇందులో? 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3.8 లక్షలు. ఇప్పుడు ఏటా వచ్చే టూరిస్టులు అంతకంటే ఎక్కువ. ఎక్కువమంది వచ్చేది కూడా వాన లేని నెలల్లోనే. మనం రిసార్ట్‌లో అరగంట షవర్ కింద నిలబడితే, అది ఆ పెద్దావిడ బిందె లోంచే. టూరిస్టుల వల్ల బతుకుతున్న వాళ్ళు కూడా అక్కడ చాలామంది ఉన్నారు. అందుకే పోవద్దు అని నేను అనను. లెక్కతో పోండి అంటున్నా.

తీసుకోకూడని ఫొటో

ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉన్న భాగం. తిరుగు ప్రయాణం కూడా ఓడలోనే అనుకున్నా. సముద్రం బాగాలేదని ఓడ రద్దయింది. బస్సెక్కాల్సి వచ్చింది. అండమాన్ ట్రంక్ రోడ్డు. ఆ రోడ్డులో ఒక భాగం జారవా అనే ఆదిమ జాతి వాళ్ళ అడవి మధ్యలోంచి పోతుంది. నేను ఓడ ఎంచుకున్న కారణాల్లో ఇదొకటి, చివరికి ఆ దారిలోనే రావాల్సొచ్చింది.

జారవాలు కొన్ని వందల మందే ఉన్నారు. 1997 దాకా బయటివాళ్ళను దగ్గరకు రానివ్వలేదు. బయటి రోగాలకు వాళ్ళ ఒంట్లో తట్టుకునే శక్తి తక్కువ. 1999లోనూ, 2006లోనూ వాళ్ళలో తట్టు వ్యాపించింది. అందుకే బండ్లన్నీ టైము ప్రకారం ఒక వరసగా, పోలీసు కాపలాతో పోతాయి. ఆగకూడదు, ఏమీ ఇవ్వకూడదు, ఫొటో తీయకూడదు. తీస్తే జైలు.

మా బస్సులో ముందు సీటు కుర్రాడు, నా వయసే, కిటికీ దగ్గర ఫోన్ లేపాడు. కండక్టర్ గట్టిగా అరిచాడు. అతను దించేశాడు, కానీ నవ్వుతూ. "ఊరికే ఒక్క ఫొటో కదా" అన్నాడు.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. 2000ల మొదట్లో వరస కరువులు. మా జిల్లాలో గంజి కేంద్రాలు పెట్టిన రోజులు. అప్పుడు బయటి నుంచి కార్లలో జనం వచ్చేవాళ్ళంట. పగిలిన చెరువును, బొక్కలు తేలిన ఎద్దును, గిన్నె పట్టుకుని కూర్చున్న ముసలోళ్ళను ఫొటోలు తీసుకునేవాళ్ళు. మా అవ్వను కూడా తీశారు. ఆ ఫొటో ఎక్కడ పడిందో మాకు తెలీదు. అవ్వ ఇప్పటికీ ఒకటే అంటుంది: "నన్ను అడిగినాడా వాడు?"

ఆ కుర్రాడికి నేను ఈ కథంతా చెప్పలేదు. అంత ధైర్యం రాలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నా.

అట్లాగే నార్త్ సెంటినల్ అనే దీవి. దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల లోపలికి ఎవరూ పోకూడదు. 2018లో ఒక అమెరికన్ దొంగచాటుగా పడవలో పోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతన్ని తీసుకుపోయిన మత్స్యకారులు అరెస్టయ్యారు. అది సాహసం కాదు. తలుపు వేసుకున్న ఇంటికి గోడ దూకడం.

మీరు పోతే

నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య పోండి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి, ఓడలు వాతావరణాన్ని బట్టే నడుస్తాయి. చేతిలో నగదు పెట్టుకోండి. డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరంలో రాత్రిళ్ళు సముద్ర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడ ఫ్లాష్, టార్చి వెయ్యకండి, వెలుగు చూస్తే అవి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి. మడ అడవుల దగ్గర బోర్డు ఉంటే నీళ్ళలో దిగకండి, మొసళ్ళుంటాయి. పగడం ముక్క, గవ్వ, ఏదీ ఇంటికి తేకండి.

ఇంటికొచ్చాక మా నాయన ఒకటే అడిగాడు. "వాన చూసినావా?"

లేదు నాయనా, నేను పోయింది ఫిబ్రవరిలో అన్నా. గట్టిగా నవ్వాడు. "వాన మొదలయ్యే తావుకు పోయి, వాన లేని కాలంలో పోతివా!"

నేను ఇంకోటి కూడా చెప్పా. అండమాన్‌ను తాకిన గాలి బంగాళాఖాతం మీదుగా ఎక్కువగా ఉత్తరానికి, అస్సాం వైపు పోతుంది. మనకు వచ్చేది అరేబియా సముద్రం వైపు గాలి. పడమటి కనుమలు దాటేసరికి దాని నీళ్ళు చాలావరకు అక్కడే దిగిపోతాయి, మిగిలిందే మనది. కాబట్టి నువ్వు ఎదురు చూసిన ఆ మబ్బు మనూరిది కాదు నాయనా అన్నా.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కాకపోతేనేం. బయలుదేరిందని తెలిసేది కదా."

మే నెలలో ఆ వార్త మళ్ళీ వస్తుంది. ఈసారి అది వినపడినప్పుడు నాకు డిగ్లీపూర్ టీ అంగడి గుర్తొస్తుంది. అక్కడా ఒకావిడ బిందె పక్కన పెట్టుకొని అదే వానకు చూస్తుంటుంది.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.